ఎడం నియమం

బల్లకట్టు రెండో విడత మనుషుల్ని దించేసరికి పరాంకుశం మొదటి విడతను పంచడం ముగించాడు. ద్వారపలక మీద చుక్కలు ఒక్కొక్కటే వెలిగి, రంగు తేల్చుకుని, తమ పక్కకు జారిపోతున్నాయి. వంటవాళ్ల మణికట్టు గడియారాలు, ఊడ్చేవాళ్ల చెవిబిళ్లలు, పడవ డ్రైవర్ల ఛాతీ పతకాలు ఎడమ పక్కకి, బయటివలలోకి. ఉదయపు నడక ముగించుకుని వచ్చిన నివాసుల బూట్లు, కళ్లద్దాలు, ఊపిరి లెక్కపెట్టే గొలుసులు కుడి పక్కకి, లోవలలోకి. రూటరు ఈ పని తనంతట తాను చేసుకోగలదు. అయినా ప్రతి ప్రవేశాన్నీ ఒక మనిషి చూసి ఊఁ అనాలని సాగరశిఖరం నివాసుల సంఘం తీర్మానించుకుంది. గుమ్మంలో ఒకడు నిలబడి ఉంటే తప్ప తాము లోపల ఉన్నామని వాళ్లకు నమ్మకం కలగదు.

సముద్రం భీమిలి రోడ్డును మింగిన తర్వాత కట్టిన భవనం అది. కింది అంతస్తుల్లో నీళ్లు, పై అంతస్తుల్లో డబ్బు, మధ్యలో ద్వారపాలకుడు పరాంకుశం గది. గోడల లోపల పలచటి లోహపు పొర ఒకటి పరిచారు. ఆరోగ్యానికి మంచిదని చెప్పి అమ్మారు. కొన్నవాళ్లు ఆరోగ్యానికి మంచిదనే కొన్నారు. ఆ పొరను దాటి బయటి సంకేతం ఏదీ లోపలికి రాదు. కాబట్టి ఈ భవనంలో ఏ పరికరం నోరు తెరవాలన్నా ఈ రూటరు దయ మీదే తెరవాలి.

లోవలలో అందరూ అందరితోనూ మాట్లాడుకుంటారు. ఒక పళ్లు తోముకునే బ్రష్షు అద్దంతో రోజూ సంభాషిస్తుంది. ఒకాయన తన ఫ్రిజ్‌కి అన్నపూర్ణ అని పేరు పెట్టి, అర్ధాకలి నియమం పెట్టుకుని, దాన్ని తెరవనీయకుండా పరాంకుశం చేత తాళం వేయించుకున్నాడు. మర్నాడే రహస్యంగా వచ్చి తాళం తీయించుకున్నాడు. దేవుడి గది దీపాలకు, గంటలకు మొదటి వరుస. వాటి కోరిక రూటరు ముందు నిలబడితే మిగతావన్నీ పక్కకు తప్పుకోవాలి. ఏ దంపతుల తలగడలు ఏ గదుల్లో వేరువేరుగా నిద్రపోతున్నాయో, ఎవరి రెండో ఫోను వ్యాయామశాలలో మాత్రమే మేలుకుంటుందో అతనికి తెలుసు. వాళ్ల మీద అతనికి కోపం లేదు. కోపం రావాలంటే ఎదుటివాడు కాస్త ఎత్తులో ఉండాలి. ఉన్నదల్లా చీదర. దాన్ని అతను ఉద్యోగం ఇచ్చిన సౌకర్యంగా ఎంచి, చలికాలంలో శాలువాలా కప్పుకునేవాడు. ఆ శాలువా కింద తాను కూడా ఒక జీతగాడేనన్న సంగతి అంతగా కనిపించదు.

బయటివల సంగతి వేరు. అందులో పరికరాల మధ్య ఎడం ఉంటుంది. ప్రతిదీ రూటరుతో మాట్లాడవచ్చు. పక్కదాన్ని చూడకూడదు, తాకకూడదు, ఉందని కూడా తెలుసుకోకూడదు. వంటామె గడియారం, దాని పక్కనే మెట్ల మీద కూర్చున్న డ్రైవరు పతకం, ఒకే గాలిలో ఉండి కూడా ఒకదానికొకటి లేనట్టే. మొదట్లో ఈ ఎడం లేదు. కొన్నేళ్ల కిందట ఒక ఉదయం వంటవాళ్లంతా కూడబలుక్కుని బల్లకట్టు ఎక్కడం మానేశారు. ఆ వారమంతా నివాసులు యంత్రాలు చేసిన ఉప్మా తిన్నారు. ఆ తర్వాత ఎడం వచ్చింది. భద్రత అన్నారు. పరాంకుశం నాయనమ్మ ఇలాంటి దాన్నే ఇంట్లో పాటించేది. ఆమె కనీసం దాన్ని మడి అనే పేరుతోనే పిలిచేది.

రెండో విడత చుక్కలు సర్దుకున్నాక అతను వడపోత మొదలుపెట్టాడు. దారి తప్పిన ముద్రలను, అంటే పరికరాలను వలలోకి రానిచ్చే గుర్తింపులను, ఏరడం రోజూ చేసే పనే. సంఘం సభ్యుల జాబితాను నిన్ననే కొత్తగా ఎక్కించింది. ఈసారి పలక ఒక ముద్ర దగ్గర ఆగి, పసుపు రంగు చూపించి, అతని కోసం ఎదురుచూసింది.

ప్రత్యూష. పదో అంతస్తు. లోవల. జీవితకాల సభ్యత్వం.

ప్రత్యూష అనే ఆవిడ పోయిన వానాకాలంలో చనిపోయింది. సంతాపసభ కోసం క్లబ్బు గదిలో ఏ వాసన వదలాలో కొడుకూ కోడలూ ఎటూ తేల్చుకోలేకపోతే, చివరికి పరాంకుశమే మల్లె అని ఎంచాడు. ఆమె ముద్ర ఇప్పుడు బల్లకట్టు దిగి, సరుకుల లిఫ్టులో పదో అంతస్తుకు వెళ్లి, వంటింట్లో నిలబడి ఉంది. చాలాకాలం తర్వాత అతనికి నవ్వొచ్చింది. బతికున్నంతకాలం వంటింటి గుమ్మం తొక్కని మనిషి, చచ్చాక పనిలో చేరిందన్నమాట.

ముద్ర వెనకున్న పరికరాన్ని చూశాడు. చక్కెరపట్టీ. పొట్టకు అతికించుకునేది, మందు వదులుతుంది, నెత్తురులో చక్కెర మరీ పడిపోతే కేకేస్తుంది. ఆ ఇంటి వంటామె సువార్తమ్మను కిందికి పిలిపించాడు.

ఆమె చేతికున్న శనగపిండి తుడుచుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి, మంచి ఖరీదైన పాత చీర కట్టుకుని ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఈ ముద్ర ఎవరిది సువార్తమ్మా?"

"నాదే బాబూ."

"నీ పేరు ప్రత్యూషా?"

"కాదు గానండి, ఆ పేరు నాకిచ్చీసారు. లాస్యమ్మగోరే ఇచ్చారు."

తర్వాత ఆమె చెప్పిందంతా సూటిగానే ఉంది. ఈ ముద్ర రాకముందు ఒకసారి సరుకుల లిఫ్టులో కళ్లు తిరిగి పడిపోయింది. పట్టీ కేకేసింది, కానీ బయటివలలో కేకలు ఇంకెవరికీ వినపడవు. అవి తిన్నగా పరాంకుశం పలక మీదికొచ్చి, లోవల కోరికలన్నీ తీరేదాకా వరుసలో నిలబడతాయి. ఆ రోజు ముందున్నవి దేవుడి గంటలు. గంటలు అయ్యేలోపు ఊడ్చేవాళ్లెవరో లిఫ్టు తలుపు తీసి ఆమెను చూశారు. ఆ సంగతి విని యజమానురాలు లాస్య కళ్లనీళ్లు పెట్టుకుంది. అత్తగారు పోయాక ఆమె చీరలు, స్వెట్టర్లు, చెప్పులు సువార్తమ్మకు ఇచ్చిన రోజునే, ఎలాగూ ఖాళీగా ఉంది కదా అని, ముద్ర కూడా ఇచ్చేసింది. లోవలలో ఉంటే కేక అంతస్తంతా వినపడుతుందని చెప్పింది.

"సీరలు కట్టుకోమన్నారు, కట్టుకున్నాను. ఇదీ పెట్టుకోమన్నారు, పెట్టుకున్నాను. ఇందులో దొంగతనమేటుంది బాబూ?"

దొంగతనమని తాను అనలేదన్నాడు పరాంకుశం. ఈ కొత్త ముద్రతో పట్టీ ఎప్పుడైనా కేకేసిందా అని అడిగాడు.

"ఒక్కపాలి. వంటింట్లోనే పడిపోనాను. ఇంట్లో ఎవులూ లేనట్టున్నారు. బెల్లం డబ్బా సేతికందింది, బతికిపోనాను."

ఆమెను పంపేసి అతను పలక జ్ఞాపకంలోకి దిగాడు. కేక దొరికింది. అది పదో అంతస్తులో ప్రతి పరికరానికీ చేరింది. లాస్య కళ్లద్దాలు ఆ సమయంలో పక్క గదిలోనే, ఆమె ముక్కు మీదే ఉన్నాయి. అవి కూడా కేకను అందుకున్నాయి. అందుకుని, మింగేశాయి.

ఎందుకో తెలుసుకోవడానికి పెద్దగా వెతకనక్కర్లేకపోయింది. ప్రత్యూష మంచానపడ్డ చివరి రోజుల్లో మాటిమాటికీ పిలిచేది. నీళ్లకి, దుప్పటికి, ఊరికే ఎవరైనా వచ్చి పక్కన కూర్చోవడానికి. మొదట ఎదురింటివాళ్లు ఆమె ముద్రను మూగపెట్టారు. తర్వాత ఆ వరసంతా. తర్వాత కొడుకు. అందరికన్నా ఆఖరున, బహుశా అందరికన్నా ఎక్కువ సిగ్గుతో, లాస్య. ప్రత్యూష పోయాక ఆ మూగను ఎవరూ తీయలేదు. చచ్చిపోయిన మనిషిని మళ్లీ వినపడేలా చేసుకోవాలని ఎవరికి తోస్తుంది?

పరాంకుశం కుర్చీలో వెనక్కి వాలాడు. మనుషుల ఔదార్యం గురించి తనకున్న అభిప్రాయానికి ఇంత చక్కటి రుజువు దొరుకుతుందని అతను అనుకోలేదు. భవనంలో ఎవరూ వినని ఒకే ఒక్క గొంతును ఏరి, దాన్ని కానుకగా ఇచ్చారు. తెలిసి చేసి ఉంటే కొంత గౌరవించేవాడేమో. ఇవ్వడంలోని సుఖానికి లాస్య ఏడ్చి ఉంటుంది. ఇచ్చినదేమిటో చూసి ఉండదు.

దారి తప్పిన ముద్ర గురించి అధ్యక్షుడికి తెలపడం నియమం. తెలిపాడు. తెలపకుండా ఉండవచ్చన్న ఆలోచన వచ్చిందా అని తనను తాను పరీక్షించుకున్నాడు. రాలేదు. అది చూసి తన మీద కూడా కాస్త చీదర వేసింది. అది అలవాటైన రుచే.

అధ్యక్షుడు నిశాంత్ మధ్యాహ్నం భోజనాల వేళకి క్లబ్బు గదిలో సమావేశం పెట్టాడు. నివాసులకు పళ్లరసాలు, జీడిపప్పు వచ్చాయి. సువార్తమ్మను తలుపు దగ్గర నిలబెట్టారు. వంటయ్యాక తినే మనిషి, వంట మధ్యలోనే వచ్చింది. పరాంకుశం కూడా తన కారియరు విప్పకుండానే వచ్చాడు.

అందరూ నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఆ ముద్రతో ఈతకొలను తలుపు కూడా తెరుచుకునేదా అని ఒకాయన అడిగాడు. తెరుచుకునేదని తెలిశాక కాసేపు ఎవరూ పళ్లరసం ముట్టలేదు. చనిపోయినవాళ్ల ముద్ర అంటే ఒక సెంటిమెంటు ఉంటుంది కదా అన్నాడు ఇంకొకాయన. ఎదురింటావిడ, ఇన్నాళ్లూ ఆ పట్టీతో ఒకే వలలో తిరిగిన తన యంత్రాలకు శుద్ధి చేయించాలా అని పరాంకుశాన్ని అడిగింది. సువార్తమ్మ చేతులు పండగ పండక్కీ ఆవిడ ఇంటి పిండివంటల్లోనూ తిరిగేవి. చేతుల గురించి ఆవిడకు అనుమానం రాలేదు. అక్కర్లేదన్నాడతను. ఆవిడ చేయించమనే చెప్పింది.

లాస్య తలవంచుకుని, తాను జాలిపడి చేశానని, తప్పయితే క్షమించమని అంది. జాలి అన్న మాట దగ్గర ఆమె గొంతు వణికింది. ఆ వణుకే పరాంకుశం చేత మాట్లాడించింది. పోయినసారి పట్టీ కేకేసినప్పుడు ఆ కేక అంతస్తులో అందరికీ చేరిందని, ప్రత్యూషగారిని అందరూ ఏనాడో మూగపెట్టి ఉండడం వల్ల ఎవరికీ వినపడలేదని, లాస్యగారు పక్క గదిలోనే ఉన్నారని అతను ఒక నివేదిక చదివినట్టు చెప్పాడు. చెబుతున్నంతసేపూ తనలో కదిలినది న్యాయం కాదని, పుండు మీద గోరు పెట్టే సుఖమని అతనికి స్పష్టంగా తెలుసు.

లాస్య మొహం తెల్లబడింది. "అత్తయ్యగారు ఊరికే పిలిచేవారండీ," అంది. "ఊరికే, ఏమీ లేకపోయినా."

సువార్తమ్మ ఆమెకేసి చూసింది. ఆ చూపులో నిష్ఠూరం ఉంటుందని పరాంకుశం ఎదురుచూశాడు. ఏదో లెక్క సరిపోయినప్పటి నెమ్మది తప్ప అందులో ఇంకేమీ కనిపించలేదు.

నిశాంత్ తెలివైనవాడు. అందరి చూపులూ లాస్య మీద నిలవనివ్వలేదు. "అంటే లోవలలో ఉన్నా ఆవిడకి ఒరిగిందేమీ లేదన్నమాట," అన్నాడు. "మరి బయటికి పంపితే పోయేదీ లేదు కదా. పరాంకుశం, ముద్ర రద్దు చేసెయ్."

తలుపు దగ్గర నుంచి సువార్తమ్మ అడిగింది. "మరి నాను పడిపోతే ఎవులికి తెలుస్తాది బాబూ?"

దాని గురించి ఒక ఉపసంఘం వేద్దామన్నారు. జీడిపప్పు అయిపోయింది.

సరుకుల లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు ఆమె పరాంకుశంతో, పై అంతస్తులవాళ్లకు తెలియక్కర్లేదు గానీ, పడవ డ్రైవరు అప్పన్నకు తెలిసినా చాలంది. రోజంతా కింద నీడలో కూర్చునే ఉంటాడు. తనకు వరసకి తమ్ముడవుతాడు. అతని ఛాతీ పతకానికి ఈ కేక వినపడేలా చేయమంది. అతను కుదరదని, బయటివలలో ఒకరి పరికరం ఒకరికి కనపడకూడదని చెప్పాడు.

"ఎందుకని బాబూ?"

"మీరు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోకూడదని."

"రేవు కాడ రోజూ మాటాడుకుంటాం కదా," అంది ఆమె. ఎగతాళి చేస్తోందా అని అతను ఆమె మొహం చూశాడు. లేదు. ఇంత చదువుకున్నవాళ్లకి ఇంత చిన్న సంగతి తెలియకపోవడం ఆమెకు నిజంగానే వింతగా ఉంది. లిఫ్టు వచ్చింది. సాయంత్రం లాస్యమ్మగారింటికి చుట్టాలొస్తున్నారని, గారెలకి పప్పు రుబ్బాలని చెప్పి ఎక్కేసింది.

గదిలోకి వచ్చి ముద్ర రద్దు చేశాడు. ప్రత్యూష రెండోసారి పోయింది. ఈసారి మల్లెవాసన అవసరపడలేదు. పట్టీ చుక్క కుడి పక్క నుంచి ఊడి, ఎడమ పక్క చీకట్లోకి జారి, తోటి చుక్కల మధ్య ఒంటరిగా నిలబడింది. కారియరు బల్ల మీద పెట్టుకుని మూత తీయబోతుండగా ఆ చుక్క ఎర్రబడింది.

పట్టీ పొద్దున్న మందు వదిలింది. ఆమె మధ్యాహ్నం తినలేదు. అంతకన్నా మిస్టరీ ఏమీ లేదు.

కేక పలక మీద వరుసలో నిలబడింది. దానికి ముందు ఎదురింటావిడ యంత్రాల శుద్ధి నడుస్తోంది, నిదానంగా, ఒక్కో గరిటెనూ కడిగినట్టు. అతను లాస్యకు పిలుపు పెట్టాడు. ఆమె అందరి పిలుపుల్నీ మూగపెట్టేసి పడుకుంది. పదో అంతస్తులో మిగతా ఇళ్లకు పెట్టాడు. ద్వారపాలకుడి పిలుపులంటే చందాల కోసమనో, తనిఖీల కోసమనో అనుకునే మనుషులు వాళ్లు, ఒక్కరూ ఎత్తలేదు. సరుకుల లిఫ్టు పైనే ఆగి ఉంది. తాను మెట్లెక్కి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది.

బెల్లం డబ్బా అందుతుందేమో అనుకున్నాడు. ఆ ఆలోచన తనదని గమనించాడు. అది ఎదురింటావిడ ఆలోచనలాగే ఉంది, నిశాంత్ ఆలోచనలాగే ఉంది. అదే మర్యాద, అదే నెమ్మది. ఇన్నేళ్లుగా తాను వాళ్లను పై నుంచి చూస్తున్నానని నమ్మాడు. చూసిన ఎత్తు మాత్రం వాళ్లదే.

అతను ఎడం నియమం తెరిచాడు. కారణం రాయమంది పలక. ఖాళీగా వదిలేశాడు. అరచెయ్యి ఆనించమంది. కుడి అరచెయ్యి ఆనించాడు.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత ఎడమ పక్కనున్న చుక్కలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకోవడం మొదలుపెట్టాయి. కొన్నేళ్లుగా ఒకే గాలి పీల్చుతూ ఒకదానికొకటి లేకుండా బతికిన గడియారాలు, చెవిబిళ్లలు, పతకాలు తమ పేర్లు చెప్పుకున్నాయి. వాటి మధ్య గీతలు సాగాయి. పలక మీద ఆ పక్కంతా దారాలు అల్లుకున్నట్టయింది. ఆ దారాల వెంట ఎర్రటి కేక పరుగెత్తింది. అంట్లు తోముతున్న మణికట్ల మీద, పిల్లల్ని ఆడిస్తున్న ఛాతీల మీద, రేవులో కునుకు తీస్తున్న చెవుల్లో ఒకేసారి మోగింది. పదో అంతస్తు, వంటిల్లు, సువార్తమ్మ.

చుక్కలు కదిలాయి. మొదట పక్కింటి వంటామె. ఆ వెనక మెట్లు ఊడ్చే మనిషి. అప్పన్న చుక్క రేవు నుంచి మెట్ల మీదుగా అంతస్తులు దాటుతూ ఒక్క చోటా ఆగకుండా ఎక్కింది. తోటపనివాళ్లు, కాపలావాళ్లు, ఎవరింటి పిల్లకో జోలపాడుతున్న ఆయా కూడా ఆ పిల్లను ఎత్తుకునే. లోవల తలుపులు వాళ్లను ఆపాలి. కానీ ప్రతి తలుపు పక్కనా లోపల పనిచేస్తున్న మనిషి ఒకరున్నారు. వాళ్లు చేత్తో తీశారు. చేత్తో తీసే తలుపును రూటరు ఏమీ చేయలేదు.

కాసేపటికి ఎర్రచుక్క నారింజరంగుకి తిరిగింది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, మామూలు రంగుకొచ్చింది.

చుక్కలు కిందికి దిగలేదు. పదో అంతస్తు వసారాలో గుంపుగా ఆగిపోయాయి. కూర్చున్నట్టున్నారు. వాటి మధ్య గీతలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. కేక సంగతి అయిపోయాక ఇప్పుడు వేరే సంగతులు సాగుతున్నట్టున్నాయి.

నిశాంత్ పిలుపు వచ్చింది. వెనక ఎవరివో గొంతులు వినపడుతున్నాయి.

"పరాంకుశం, ఏమిటిది? పైనంతా వీళ్లే. వీళ్లని ఎవరు పిలిచారు?"

"సువార్తమ్మ పిలిచింది సార్."

"నువ్వు ఎడం తీశావా?"

"తీశాను సార్."

ఈసారి నిశాంత్ గొంతులో మర్యాద తగ్గి, మొదటిసారి ఒక మనిషి వినిపించాడు. అతను భయపడుతున్నాడు. "వెంటనే మళ్లీ పెట్టెయ్. ఇప్పుడే. అరచెయ్యి పెట్టు."

పరాంకుశం కారియరు మూత తీశాడు. అన్నం మీద చల్లారిన పప్పు వంచి, కుడిచేత్తో కలపడం మొదలుపెట్టాడు.

"చెయ్యి ఎంగిలైంది సార్," అన్నాడు. "భోంచేస్తున్నాను."

"కడుక్కోవయ్యా."

"కడుక్కుంటాను సార్. తిన్నాక."

అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, తొందర లేకుండా నమలసాగాడు.